అత్తమ్మ ఊరికి వెళ్ళిపోతానంటున్నారు, నేను ఉద్యోగం మానేయాలా?

బెంగళూరు మారతహళ్ళి నుంచి 34 ఏళ్ళ పాఠకురాలు ఒకరు, పేరు వేయవద్దని కోరుతూ, చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆమె పుట్టిల్లు కడప జిల్లాలో, మెట్టినిల్లు ధర్మవరం దగ్గర ఒక పల్లెలో. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. నాలుగేళ్ళు దాటిన పాప, ఏడాదిన్నర బాబు ఉన్నారు. పాప పుట్టి ప్రసూతి సెలవు ముగుస్తున్న రోజుల్లో, అప్పటికే భర్తను పోగొట్టుకుని ఊళ్ళో ఒక్కరే ఉంటున్న అత్తగారు బెంగళూరు వచ్చారు. అప్పటి నుంచి ఇల్లూ పిల్లలూ ఆమె చేతి మీదనే నడుస్తున్నాయి. "మా అత్తమ్మ ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఏ వేళకు ఇల్లు చేరినా పిల్లలు అన్నం తిని నిద్రకు సిద్ధంగా ఉంటారు" అని ఆమె రాశారు.

దసరాకు ఊరికి వెళ్ళి వచ్చిన తరువాత అత్తగారు, సంక్రాంతి దాటాక తాను ఊరికి వెళ్ళిపోతానని చెప్పారు. బెంగళూరు రాకముందు ఆమె ఊళ్ళో డ్వాక్రా సంఘానికి లీడరు. ఆ సంఘం ఆడవాళ్ళు ఇప్పుడు బ్యాంకు రుణం తీసుకుని, పట్టుచీరలకు కుచ్చులు వేసి, ఫాల్ కుట్టి, జాకెట్లు కుట్టే చిన్న యూనిట్ పెట్టాలనుకుంటూ, లెక్కలు తెలిసిన మనిషి కావాలని ఆమెను రమ్మంటున్నారు. "ఈడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవురూ లేరమ్మా, అందరికీ పాప వాళ్ళ అవ్వనే" అని అత్తగారు కోడలితో అన్నారట. భర్తకు ఇది నచ్చలేదు. 58 ఏళ్ళ వయసులో, బీపీ పెట్టుకుని, సంఘాలంటూ తిరగడం ఏమిటని తల్లిని కోప్పడ్డారు. అమ్మ వెళ్ళేదే అయితే నువ్వు రెండేళ్ళు ఉద్యోగం మానేయి, బాబు బడికి వెళ్ళాక మళ్ళీ చేరవచ్చు అని భార్యతో అన్నారు. ఆయన జీతం కొంత ఎక్కువ కాబట్టి మానవలసింది ఆమేనన్నది ఆయన లెక్క. సరిగ్గా ఈ సమయంలోనే ఆమెకు మేనేజరుగా పదోన్నతి ఇస్తామన్నారు. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. ఆ ఒత్తిడిలో ఒక రాత్రి ఆమె, "మీరు వెళ్తే నా ఉద్యోగం పోయినట్టే అత్తమ్మా" అనేశారు. ఆ మాట విన్న తరువాత అత్తగారు ఊరి ప్రస్తావనే మానేశారు. పుట్టింటి నుంచి తల్లిని పిలిపించుకుందామంటే తండ్రి పక్షవాతంతో మంచాన ఉన్నారు. "నేను మానేయాలా, అత్తమ్మను ఇంకో రెండేళ్ళు ఉండమని బతిమాలాలా? ఏది చేసినా ఒక మనిషికి అన్యాయం చేసినట్టే అనిపిస్తోంది" అని ఆమె అడుగుతున్నారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగిన ప్రశ్నలో ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ ఆడవాళ్ళే. మీరు మానాలి, లేదా ఆమె ఆగాలి. పిల్లలకు తండ్రి ఉన్నారు, ఆయన ఆ ఇంట్లోనే ఉంటున్నారు, వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని చేస్తారని కూడా మీరే రాశారు. అయినా ఎవరు తమ పనిని తగ్గించుకోవాలన్న ఆలోచన వచ్చినప్పుడు ఆయన పేరు మీ కలానికి తట్టలేదు. ఇందుకు మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఆయనకూ తట్టలేదు, బహుశా మీ అత్తగారికీ తట్టలేదు. కాని ఈ ప్రశ్నను ఇద్దరి మధ్యనే ఉంచి ఎంత ఆలోచించినా మీకు అన్యాయమే జవాబుగా వస్తుంది. అందుకే ముందుగా ఆ మూడో మనిషిని లెక్కలోకి తీసుకురావాలి. ఆ తరువాతే మిగిలిన దారులు కనిపిస్తాయి.

అంతకంటే ముందు మీ అత్తగారి గురించి కొంత మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కదిలించింది ఆమె మాటే. ఇంటి బయట పని ఉన్న స్త్రీ అంటే మీరొక్కరే అన్నట్టుగా మనకు ఒక అలవాటు ఏర్పడిపోయింది. కోడలు ఉద్యోగస్తురాలు, అత్తగారు ఇంటిపట్టున ఉండే మనిషి అనుకుంటాం. మీ అత్తగారి వయసు చూడండి. ఆమె పాతికేళ్ళ వయసులో ఉన్నప్పుడు నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్ళింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగలడంతో ఆ జిల్లాలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపు ఉద్యమం మొదలైంది. 1982లో కేంద్రం ఆరంభించిన డ్వాక్రా పథకం మన పల్లెల్లో అంతగా వేళ్ళూనుకోవడానికి ఇలాంటి ఆడవాళ్ళే కారణం. ఆ తరంలో ఎందరో మగవాళ్ళ తోడు లేకుండా బ్యాంకు మెట్లెక్కడం, మేనేజరు ఎదుట కూర్చుని రుణం అడగడం, పదిమంది చేత వాయిదాలు కట్టించి పుస్తకంలో రాయడం సంఘంలోనే నేర్చుకున్నారు. మీ అత్తగారు సంఘం లీడరుగా చేసింది అదే. మీరు ఇప్పుడు ఒక బృందాన్ని నడపబోతున్నారు. ఆమె అలాంటి బృందాన్ని నడిపిన మనిషి, మీ పాప కోసం దాన్ని వదిలి వచ్చిన మనిషి. మీకు పదోన్నతి వచ్చిన రోజుల్లోనే ఆమెకూ పిలుపు వచ్చింది. మీరిద్దరూ ఒకే కోరికతో ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకరి కోరికకు ఒకరు అడ్డు పడుతున్నామని ఇద్దరూ కుమిలిపోతున్నారు.

ఆమె చేస్తున్నది ప్రేమతో చేస్తున్నది, అందులో సందేహం లేదు. ప్రేమతో చేసినంత మాత్రాన అది పని కాకుండా పోదు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాదంలో మరణించిన దంపతుల కేసులో పరిహారం లెక్కిస్తున్నప్పుడు, సంపాదన లేని గృహిణి పనికి విలువ ఎలా కట్టాలన్న ప్రశ్న వచ్చింది. జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో, ఇంటి పనికి విలువ లేదన్న ఊహను వదిలించుకోవాలని చెబుతూ 2019 నాటి జాతీయ సర్వే లెక్కలను ఉదహరించారు. ఇంటివాళ్ళ కోసం జీతం లేకుండా చేసే పనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్నది ఆ లెక్క. 2024లో మళ్ళీ అదే సర్వే జరిగితే, ఆ పనుల్లో పాల్గొన్నవాళ్ళలో స్త్రీల సమయం 289 నిమిషాలు, పురుషుల సమయం 88 నిమిషాలు అని తేలింది. అంటే స్త్రీల పని పది నిమిషాలు తగ్గింది, పురుషుల పని కూడా ఇంచుమించు అంతే తగ్గింది. కోడలు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆమె వదిలిన పనిని భర్త అందుకోవడం లేదు, అత్తో అమ్మో పనిమనిషో అందుకుంటున్నారు. మీ ఇంట్లో జరిగింది కూడా అదే. మీ ఉద్యోగం ఇన్నేళ్ళు నిలబడింది మీ భర్త సర్దుబాటుతో కాదు, మీ అత్తగారి సంఘం లీడరు పదవిని ఖర్చుపెట్టి.

మీరు ఒక వాక్యంలో దాటేసిన సంగతి ఇంకొకటి ఉంది. సంఘంలో సభ్యత్వం పోకుండా నెలనెలా కట్టే పొదుపు డబ్బు కోసం ఆమె ప్రతిసారీ కొడుకును అడుగుతారని, ఆయన ఫోనులో పక్కింటావిడకు పంపుతారని రాశారు. పది మంది డబ్బు లెక్క చూసిన మనిషి తన పొదుపు డబ్బు కోసం కొడుకు తీరిక చూసుకుని అడగవలసి రావడం ఎంత చిన్నతనంగా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. ఆమె ఊరికి వెళ్ళినా, ఇక్కడే ఉన్నా, ఈ ఒక్కటీ ఈ వారమే మారాలి. నెలకు ఇంత అని ఆమె ఖాతాలో నేరుగా వేయండి, దేనికి ఖర్చు పెట్టారని అడగకండి. ఇది జీతం అనుకుని ఆమె నొచ్చుకుంటారేమో అని మీరు సంకోచించవచ్చు. "ఇది మీ ఇంటి డబ్బు, మీ చేతిలో ఉండాలి" అని కోడలిగా మీరు చెబితే నొచ్చుకోరని నా నమ్మకం.

ఇక మీ ముందున్న దారులు. మీ భర్త చెప్పినట్టు రెండేళ్ళు మానేయడం ఒకటి. బిడ్డలతో ఉండాలన్న కోరిక మీకే ఉంటే దాన్ని తక్కువ చేసి మాట్లాడను, ఇష్టపడి ఆగినవాళ్ళు సంతోషంగానే ఉంటారు. కాని మీ ఉత్తరంలో ఆ కోరిక ఎక్కడా లేదు, తప్పనిసరి అయితే అన్న మాటే ఉంది. అలాంటప్పుడు పర్యవసానాలను కాగితం మీద పెట్టుకుని చూడాలి. ఇప్పటి సంస్థలో చేరి నాలుగేళ్ళు కావస్తోందన్నారు. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ దక్కాలంటే సాధారణంగా ఐదేళ్ళ నిరంతర సర్వీసు ఉండాలి కాబట్టి ఇప్పుడు రాజీనామా చేస్తే అది పోతుంది. ఫ్లాటు వాయిదా ఒక్క జీతం మీద పడుతుంది. సాఫ్ట్‌వేర్ రంగంలో రెండేళ్ళ విరామం తరువాత తిరిగి చేరడం సాధ్యమే, కొన్ని సంస్థలు అందుకోసమే ప్రత్యేక నియామకాలు చేస్తున్నాయి, అయితే వదిలిన మెట్టు మీదే కాలు పెట్టగలమన్న హామీ లేదు. జీతాల తేడా మాట కూడా నిదానంగా చూడండి. ఇద్దరు పిల్లల కోసం మీరు రెండుసార్లు ఆగారు, ఆ రెండుసార్లూ ఆయన ఆగలేదు. ఈ రోజు మీ జీతం తక్కువగా ఉండడంలో ఆ విరామాల వాటా ఎంతో కొంత ఉండకుండా పోదు. ఆ తేడానే కారణంగా చూపి ఇప్పుడు మరోసారి ఆగితే తేడా ఇంకా పెరుగుతుంది, రేపు మీ నాన్నగారికో మీ అత్తగారికో దగ్గరుండి చేయవలసి వస్తే అదే లెక్క మళ్ళీ మిమ్మల్నే ఆపుతుంది.

అత్తగారిని ఉండమని అడగడం రెండోది. అడగడం తప్పు కాదు. మీరు ఆ రాత్రి అన్న మాటలో మాత్రం అడగడం లేదు, ఆమె వెళ్తే నేరం ఆమెదవుతుందన్న భారం ఉంది. ఆమె మౌనానికి కారణం అదే. ఆ మౌనాన్ని ఒప్పుదల అనుకుని రోజులు గడిపేస్తే పిల్లలు నిశ్చింతగా పెరుగుతారు, మీరు మేనేజరు అవుతారు, ఊళ్ళో సంఘం ఆమె కోసం కొన్నాళ్ళు చూసి ఇంకొకరిని లీడరుగా ఎన్నుకుంటుంది. రెండేళ్ళ తరువాత 60 ఏళ్ళ వయసులో ఆమె వెళ్ళేసరికి యూనిట్ ఉండవచ్చు, అందులో ఆమెకు చోటు ఉండకపోవచ్చు. ఆమె అప్పుడు కూడా మిమ్మల్ని ఏమీ అనరు. మీరు జీవితాంతం ఆ సంగతి గుర్తుంచుకుంటారు, నేను మిమ్మల్ని అర్థం చేసుకున్నంతవరకు అది మీరు మోయగలిగిన బరువు కాదు. ఒకవేళ అన్నీ విన్న తరువాత ఆమే తన ఇష్టంతో ఇంకొంత కాలం ఉంటానంటే, ఎంత కాలమో ఒక తేదీ అనుకోండి, వారానికి ఒక రోజు ఆమెకు పూర్తిగా సెలవు ఇవ్వండి, నెలకు ఒకసారి ఊరికి వెళ్ళి సంఘం సమావేశంలో కూర్చుని వచ్చే వీలు కల్పించండి.

మూడో దారి నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనిపిస్తోంది. అత్తగారు వెళ్తారు, మీరు ఉద్యోగంలో ఉంటారు, పిల్లల పనిని మీరూ మీ భర్తా డే కేర్ సాయంతో పంచుకుంటారు. చెప్పినంత సులువు కాదు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోనివ్వాలని చెప్పింది. 2020 నాటి సామాజిక భద్రత స్మృతిలోనూ ఆ 50 మంది నిబంధన కొనసాగింది. ఈ సౌకర్యాల గురించి ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా ఆ సవరణలో ఉంది. మీ నియామక పత్రాలు తీసి చూడండి. సొంతంగా కేంద్రం నడపని సంస్థలు దగ్గరలోని డే కేర్‌తో ఒప్పందం పెట్టుకోవడం మామూలే. మీ హెచ్‌ఆర్ విభాగానికి మెయిల్ రాసి అడగండి, నోటి మాటగా వదలవద్దు. మీ భర్త కూడా తమ సంస్థలో అడగాలి. చట్టం తల్లి పేరే ప్రస్తావించినా, తండ్రులకూ ఈ సదుపాయం ఇచ్చే సంస్థలు ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ తెలిసిన మీకు ఎవరి ఆఫీసు దగ్గర కేంద్రం ఉందన్నది చిన్న విషయం కాదు. ఆయన ఆఫీసు దగ్గర ఉంటే బాబును తీసుకెళ్ళి తీసుకురావడం ఆయన పని అవుతుంది.

డే కేర్‌కు వెళ్ళిన కొత్తలో పిల్లలకు జలుబులు, జ్వరాలు తరచుగా వస్తాయి, ఏడుపులు ఉంటాయి. ఇలాంటి ఏర్పాట్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మంగళవారం పదకొండు గంటలకు బాబుకు జ్వరమని ఫోను వస్తే ఎవరు బయలుదేరాలన్నది ముందే అనుకుని ఉండకపోతే, ప్రతిసారీ మీరే బయలుదేరుతారు, మూడు నెలలు తిరిగేసరికి మానేయడమే మేలన్న మాట మీ నోటి నుంచే వస్తుంది. కాబట్టి ఏ రోజుల్లో ఫోను ఆయనకు వెళ్ళాలో, ఏ రోజుల్లో మీకు వెళ్ళాలో వారాల వారీగా రాసి, కేంద్రంలో మొదటి నంబరుగా ఆయన నంబరు ఇవ్వండి. సాయంత్రాలకు ఇంటి దగ్గర ఆయాను పెట్టుకుంటే ఇంకొంత ఊపిరాడుతుంది. ఒక మాట చెప్పాలి. బెంగళూరు ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళలో మన అనంతపురం, హిందూపురం, కదిరి వైపుల నుంచి వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళూ తమ పిల్లలను ఊళ్ళో అవ్వల దగ్గర వదిలి వచ్చినవాళ్ళే కావచ్చు. మీ ఇంటి చిక్కును ఆ ఆయా నెత్తిన పెట్టి తీర్చుకోకండి. వారపు సెలవు, సరైన జీతం మొదటి రోజునే మాట్లాడుకోండి.

ధర్మవరం దూరం కాదు, రైలులో మూడు నాలుగు గంటల ప్రయాణం. పాప బడి సెలవుల్లో పిల్లలు అవ్వ దగ్గరికి వెళ్ళవచ్చు, యూనిట్‌లో పని తక్కువగా ఉన్న నెలల్లో ఆమె వచ్చి కొన్నాళ్ళు ఉండవచ్చు. పెళ్ళిళ్ళ ముహూర్తాలను బట్టి చీరల పని ఎక్కువ తక్కువలు అవుతుంది కాబట్టి ఆ లెక్క ఆమెనే చెప్పమనండి.

ఇవన్నీ జరగాలంటే మీరు రెండుసార్లు మాట్లాడాలి, ముందు అత్తగారితో, తరువాత భర్తతో. అత్తగారితో మాట్లాడేటప్పుడు ఆ రాత్రి అన్న మాటను వెనక్కి తీసుకోండి. "నా భయంతో అలా అన్నాను అత్తమ్మా, మీ దారికి అడ్డం పడాలని కాదు" అంటే చాలు, వివరణ అక్కరలేదు. యూనిట్ గురించి అడగండి. ఎంత రుణం తీసుకుంటున్నారు, ఎందరు సభ్యులు, చీరలు ఎవరు ఇస్తారు, వాయిదా ఎంత, ఈ ప్రశ్నలు కోడలు అడగడమే ఆమెకు గౌరవం. ఆ రుణానికి సభ్యులందరూ కలిసి బాధ్యులు కాబట్టి ఒకరు కట్టకపోతే ఏం చేస్తారన్నది కూడా అడగండి, ఆమె దగ్గర జవాబు ఉండే ఉంటుంది. చివరగా, వెళ్ళే తేదీని సంక్రాంతి నుంచి ఉగాది దాకా జరపగలరా, ఆలోగా బాబును డే కేర్‌కు అలవాటు చేసుకుంటాం అని అడగండి. మొదట రోజుకు రెండు గంటలు, తరువాత సగం రోజు, ఆ తరువాత పూర్తి రోజు పంపవచ్చు. ఆమె ఇంట్లో ఉండగా మొదలుపెడితే బాబుకు బెంగ తక్కువగా ఉంటుంది. ఆమె కాదంటే కాదనే వీలు నిజంగా ఉండేలా అడగండి.

భర్తతో మాటలు కొంత కష్టం. ఆయనను మొండి మనిషిగా చూసి మొదలుపెట్టకండి. తండ్రి పోయిన తరువాత తల్లి ఒంటరిగా ఊళ్ళో ఉండడం, ఆమెకు బీపీ ఉండడం ఆయనకు నిజమైన భయాలే. ఆ భయానికి జవాబుగా, వెళ్ళే ముందు పూర్తి వైద్య పరీక్షలు, నెలకు సరిపడా మందులు, రోజూ రాత్రి ఫోను, అవసరమైతే వెంటనే వచ్చే ఒక ఇరుగుపొరుగు మనిషి, ఇవి మీరే ముందుగా ప్రతిపాదించండి. ఇక్కడ నాలుగు గోడల మధ్య పలకరించే మనిషి లేని పగటికంటే, అక్కడ పదిమంది మధ్య ఉండే పగలు ఆమె ఆరోగ్యానికి మేలు చేయవచ్చునని కూడా చెప్పండి. ఆ తరువాత పిల్లల సంగతికి రండి. సాయం చేయమని అడగవద్దు. సాయం అంటే పని మీది, దయ ఆయనది అవుతుంది. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా అత్తగారు చేస్తున్న పనులన్నీ ఒక కాగితం మీద గంటల వారీగా రాసి ఇద్దరి మధ్య పెట్టండి, వీటిలో మీరు ఏవి తీసుకుంటారు, నేను ఏవి తీసుకోవాలి అని అడగండి. చాలామంది మగవాళ్ళు ఆ జాబితాను అంతవరకు చూసి ఉండరు. చూసిన తరువాత మారినవాళ్ళు ఉన్నారు.

మారకపోవచ్చు కూడా. ఆయన ఏ పనికీ ఒప్పుకోకుండా మీరే మానాలని పట్టుబడితే, మీకు తెలియవలసింది ఒక్కటే, అది మీ ఇద్దరి నిర్ణయం కాదు, ఆయన నిర్ణయం. అప్పుడు కూడా రాజీనామా చివరి మెట్టుగానే ఉంచండి. మిగిలి ఉన్న ఆర్జిత సెలవులు, జీతం లేని సెలవు ఒక నెల, కొంతకాలం ఇంటి నుంచి పని, వీటిని అడిగి బాబును డే కేర్‌లో కుదుర్చండి. ఆయన ఊహించుకుంటున్న కష్టాలు ఎంతవరకు నిజమో ఆ రెండు మూడు నెలల్లో ఇద్దరికీ తెలుస్తుంది. మీ ఇద్దరూ గౌరవించే పెద్దమనిషో, దంపతులకు కౌన్సెలింగ్ ఇచ్చేవాళ్ళో మధ్యలో కూర్చుంటే మాట ముందుకు సాగవచ్చు. ఆ పెద్దమనిషి మీ అత్తగారే కావచ్చునని నాకు అనిపిస్తోంది. కొడుకుకు ఈ సంగతి చెప్పగల అధికారం ఆమెకు ఉన్నంతగా ఇంకెవరికీ లేదు. ఆమె మీద మరో భారం పెట్టినట్టవుతుంది కాబట్టి, అడగడమా వద్దా అన్నది మీ వివేచనకే వదిలేస్తాను.

పదోన్నతి విషయానికి వస్తే, ఇంటి లెక్క తేలలేదన్న కారణంతో ముందే వద్దనకండి. నెలాఖరులోగా మీ పై అధికారిని కలిసి, ఆ పదవిలో రాత్రి కాల్స్ ఎన్ని ఉంటాయి, ప్రయాణాలు ఎంత, ఉగాది దాకా బాధ్యతలను విడతలుగా అప్పగించే వీలుందా అని అడగండి. సంస్థ ఈ షరతులకు ఒప్పుకుంటే తీసుకోండి. ఒప్పుకోకపోతే తదుపరి విడతకు వాయిదా వేయమని కోరవచ్చు, అలా కోరితే ఆరు నెలలో ఏడాదో ఆలస్యం కావచ్చు, ఆ ఆలస్యం రాజీనామాతో పోలిస్తే చాలా చిన్న నష్టం. ఆ సమావేశానికి వెళ్ళేలోపే అత్తగారితో మాట్లాడడం పూర్తిచేయండి, ఆమె ఉగాది దాకా ఉంటారో లేదో తెలియకుండా మీరు ఏ తేదీలూ చెప్పలేరు.